కట్టడమునకు దస్తరమే పునాది

ఇల్లు కట్టి చూడుమని, పెండ్లి చేసి చూడుమని మన పెద్దలు చెప్పిన మాటకు లోకమున ఎదురు లేదు. ఇల్లు కట్టిన గృహస్థుడు సున్నము బండ్లెన్ని వచ్చినవో, తాపీవారికి కూలి యెంత ముట్టినదో, దూలములు ఏ యూరినుండి తెప్పించెనో అంతయు నొక చిట్టాలో వ్రాసికొని, ఆ చిట్టాను క్రయపత్రముతోగూడ పెట్టెలో నుంచి తాళము వేయును. ముప్పదియేండ్లకు హద్దుల తగవు వచ్చిన దినమున అతని కుమారుడా పెట్టె తెరచి యింటిని నిలుపుకొనును. ఒక సంసారి తన కొంపకొఱకు చేసికొను నీపాటి పనిని, వేలకొలది బిడ్డలకు విద్య గఱపు కళాశాలలును విశ్వవిద్యాలయములును తమ మేడలకొఱకు చేసికొనుచున్నవా? ఈ ప్రశ్నను మేము నేడు మదనపల్లె, పుంగనూరు, కుప్పము పట్టణములను ముందిడుకొని యడుగుచున్నాము. ఈ మూడును ఒక సీమకు చెందిన పట్టణములు. విద్యావిషయమునను పత్రరక్షణ విషయమునను ఒక్కొక్కటి మనకొక్కొక పాఠము చెప్పుచున్నది.

మొదటి పాఠము నిప్పు చెప్పినది. 2024వ సంవత్సరము జూలై 21వ తేది రాత్రి మదనపల్లె సబ్‌కలెక్టరు కచేరిలో మంటలు లేచి, భూములకు సంబంధించిన దస్తరములు దగ్ధమైనవి. కాలిన ఫైళ్లు రెండువేలకు మించినవని అధికారులే ప్రకటించిరి. దర్యాప్తు సి.ఐ.డి. శాఖకు అప్పగింపబడినది. దోషులెవ్వరో తేల్చుట న్యాయస్థానముల పనియే గాని పత్రికల పని కాదు. మేము చెప్పదలచినది వేఱు. ఒక్క రాత్రిలో ఒక్క కచేరిలో చెలరేగిన మంట, ఎన్నడును ఆ గడప త్రొక్కని రైతు గుండెలో సైతము గుబులు పుట్టించినది. కాగితము బీరువాలో నున్నంత కాలము దానిని చెత్త యనుకొనువారే, అది బూడిదయైన మఱునాడు అదియే సొత్తని గ్రహింతురు. నకలు వేఱొక చోట నున్న కాగితము మరల లేవగలదు. ఒక్కటే ప్రతిగా నున్న కాగితము బూడిదతో సరి. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట మన కలవాటైనది. ఈసారియైనను ఇతరుల చేతులు కాలుట చూచి మన విద్యాసంస్థలు ముందుగనే మేలుకొనవలదా?

పత్రరక్షణము మనకు దొరతనమువారు నేర్పిన విద్య యని కొందఱు తలతురు. అది సత్యము కాదు. మన గ్రామ కరణములు కవిలెలు వ్రాసియుంచినవారు. పొలము గట్టులు, చెఱువు తూములు, దేవళముల మాన్యములు, రాజుల యీవులు, అన్నియు ఆ కవిలెలలో నుండెడివి. కర్నల్ మెకంజీ దక్షిణదేశ చరిత్రకు సామగ్రి సేకరింప బూనినప్పుడు కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరులు ఊరూర దిరిగి సమకూర్చిన కైఫీయత్తులకు ఆధారములలో నీ కవిలెలును ముఖ్యములు. ఆ కైఫీయత్తులే లేకున్న నేడు మన పల్లెల పుట్టుపూర్వములు అనేకము మనకు దక్కియుండవు. 1984లో గ్రామాధికారుల పదవులు రద్దుచేయబడినవి. ఆ సంస్కరణము మంచిదా, చెడ్డదా యను చర్చ యిచ్చట వలదు. తరతరములుగా లెక్కలను కనిపెట్టియుండిన చేయి తొలగినప్పుడు, వాని నందుకొను మఱియొక చేయి సిద్ధముగా నుండవలయునన్నదే మేము గ్రహింపవలసిన నీతి. ఆ నీతి విద్యాలయములకును వర్తించును.

ఇక మదనపల్లె కళాశాల మాట. 1915లో అనిబిసెంటమ్మ దివ్యజ్ఞానసమాజ పక్షమున నెలకొల్పిన యీ కళాశాల రాయలసీమలోని ప్రాచీన విద్యాసంస్థలలో నొకటి. హోంరూలు ఉద్యమము దేశమంతట మ్రోగుచున్న దినములవి. 1917 జూన్‌లో ఆమెను దొరతనమువారు నిర్బంధించిరి, సెప్టెంబరులో విడిచిరి, ఆ సంవత్సరాంతమున కలకత్తాలో ఆమె కాంగ్రెసు మహాసభకు అధ్యక్షురాలయ్యెను. స్వరాజ్యము కోరు కళాశాలకు దొరతనపు విశ్వవిద్యాలయముతో పొత్తు కుదురలేదు. ఆ కాలముననే జాతీయ విద్యాప్రచార సంఘ మేర్పడి, అడయారు కేంద్రముగా జాతీయ విశ్వవిద్యాలయము పుట్టినది. రవీంద్రనాథ ఠాకూరు దానికి కులపతి. మదనపల్లె కళాశాల దాని యంగమై, ఎర్నెస్టు వుడ్డు పేర వుడ్డు జాతీయ కళాశాల యని వ్యవహరింపబడెను. అనగా విశ్వభారతి 1921లో అవతరించుటకు పూర్వమే, మన మదనపల్లె ఒక జాతీయ విశ్వవిద్యాలయమునకు గూడైనది. ఈ మాట వినినప్పుడు పొంగని తెలుగు హృదయ ముండదు.

పొంగుట చాలదు, చూపవలయును. జాతీయ విశ్వవిద్యాలయము పాఠ్యక్రమమెట్టిది? పరీక్షలలో నుత్తీర్ణులైన విద్యార్థులెవ్వరు? దొరతనము గుర్తింపని పట్టమును చేతబట్టుకొని జీవితమున ప్రవేశించిన ఆ యువకుల పేర్ల పట్టిక ఏ బీరువాలో నున్నది? దొరతనపు ధనమునకు చేయిచాపని ఆ కాలమున కట్టడములకు సొమ్ము ఎట్లు సమకూడెను? ఏ దాత ఎంత యిచ్చెను? ఏ యింజనీరు పటము గీచెను? కళాశాల తరువాత మద్రాసు విశ్వవిద్యాలయమున మరల చేరినది. 1954లో తిరుపతి యందు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము వెలసిన పిమ్మట దాని పరిధిలోనికి వచ్చినది. పొత్తు మారిన ప్రతిసారియు కాగితములు కొన్ని చెన్నపురికి, కొన్ని అడయారునకు, కొన్ని తిరుపతికి నడచుట సహజము. ఒక్క కళాశాల చరిత్ర నాలుగూళ్ల నుండు దస్తరములలో నున్నప్పుడు, ఆ నాలుగింటిని కలిపి చూపు ఒక్క జాబితాయైనను ఆ కళాశాలలో నుండవలయునని మేము కోరుట అత్యాశ కాదు.

పత్రము విలువ యెట్టిదో తెలియుటకు మదనపల్లెకంటె మంచి యుదాహరణము దేశమున లేదు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు ఆ కళాశాలకు వచ్చి కొన్ని దినములు నిలిచెను. ఆనాటి ప్రధానాచార్యుడు ఐర్లండు దేశపు కవి జేమ్సు కజిన్సు. ఆ మాసము 28వ తేదిని రవీంద్రుడు తన జనగణమన గీతమునకు తానే ఆంగ్లానువాదము వ్రాసి, భారతదేశ ప్రభాతగీతమని యర్థమిచ్చు పేరు పెట్టి, చేవ్రాలు చేసెను. కజిన్సుగారి భార్య మార్గరెట్టు ఆ గీతమునకు స్వరలిపి సమకూర్చెను. ఇంతవఱకు చరిత్ర. ఇంతటితో తృప్తిపడక, ఆ గీతమే మదనపల్లెలో పుట్టినదని కొందఱును, దాని రాగమునకు పుట్టినిల్లు మదనపల్లెయే యని మఱికొందఱును చెప్పుచుందురు. ఆ గీతము 1911 డిసెంబరు 27వ తేదినే కలకత్తా కాంగ్రెసు సభలో పాడబడినది. పాట యప్పుడే పాడబడియుండగా రాగము లేకుండ నుండునా? మదనపల్లెకు దక్కిన గౌరవము అనువాదము, స్వరలిపి. అది చిన్న గౌరవమా? 1950 జనవరి 24వ తేదిని రాజ్యాంగసభ ఆ గీతమును జాతీయగీతముగ నంగీకరించినప్పుడు మదనపల్లెకు కలిగిన భాగ్యము లేని గొప్పలు కల్పించుకొనవలసినంత కొంచెముది కాదు.

ఇచ్చటనే దస్తరము మనకు చేయు మేలు తెలియుచున్నది. దస్తరము గర్వమును తగ్గింపదు. గర్వమునకు హద్దు గీచును. హద్దు గీచిన పొలమునే గదా ధైర్యముగ మనదనగలము! హద్దు లేని గొప్ప యెదుటివాడు ఒక్క తేదీ చూపినంతనే కూలిపోవును. దానితోబాటు నిజమైన గొప్పయు నవ్వులపాలగును. రవీంద్రుడు చేవ్రాలు చేసిన ఆ మూలప్రతి కళాశాల ధనమునకు కటకటపడిన కాలమున అమెరికా దేశస్థుడగు నొక సంగ్రాహకునికి అమ్మబడినదనియు, ఇప్పుడు కళాశాలలో చూపబడునది నకలు మాత్రమే యనియు చిరకాలముగ వాడుక. అమ్మినవారిని నిందించుట మా యుద్దేశము కాదు. అధ్యాపకులకు జీతములీయలేని దినమున నిర్వాహకుడు ఏమి యమ్ముటకైనను సాహసింపవచ్చును. కాని యే సభ తీర్మానించెను, ఎంత వెల పలికెను, ఎవరు కొనిరి యను మూడు మాటలు తీర్మానముల పుస్తకములో నుండుట ధర్మము. అమ్మిన వస్తువు పోయినను అమ్మకపు పత్రము మిగిలిన యెడల, ఏనాటికైనను దాని జాడ తీయవచ్చును. పత్రమును పోయిన యెడల ఆ వస్తువు రెండుమార్లు పోయినట్లు.

పుంగనూరున విశ్వవిద్యాలయము లేదు గదా, దాని నీ చర్చలోని కేల లాగితిరని పాఠకు లడుగవచ్చును. పుంగనూరు జమీను పాతది. కుప్పము ప్రాంతము కంగుంది జమీనుకు చెందినది. 1948 నాటి ఎస్టేటుల రద్దు శాసనముతో జమీను లంతరించినవి. జమీనులు పోవుట ప్రజలకు మేలే. కాని జమీను కచేరుల లెక్కలు జమీందారుల సొత్తు మాత్రమే కావు. పన్ను కట్టిన రైతు, చెఱువు త్రవ్విన కూలి, సత్రమున భోజనము చేసిన బాటసారి, వీరందఱి చరిత్రయు నందే గలదు. అట్టి పత్రములకు విశ్వవిద్యాలయము గాక వేఱు నీడ యెక్కడిది? పుంగనూరు పొట్టిజాతి గోవునకు పలమనేరు పశుపరిశోధనా క్షేత్రమున వంశావళిని కనిపెట్టి కాపాడుచున్నారు. మంచిదే, ఆ జాతి యంతరింపరాదు. ఆవుదూడ తల్లి యెవతెయో, తాత యెవ్వడో వ్రాసి యుంచవలయునన్న జ్ఞానము మనకున్నది. విద్యాశాల తల్లి యెవరో, తాత యెవ్వరో వ్రాసి యుంచవలయునన్న జ్ఞానము మాత్రము మనకెప్పుడు కలుగును?

పుంగనూరునుండియే మఱియొక మంచి పాఠమును గలదు. క్షయరోగుల కొఱకు క్రైస్తవ సంఘములన్నియు గలిసి నెలకొల్పిన ఆరోగ్యశాల 1912లో పుంగనూరున ఆరంభమై, 1915లో మదనపల్లె చెంత ఆరోగ్యవరమున స్వంత కట్టడములలోనికి మారెను. డెన్మార్కు దేశపు వైద్యుడు ఫ్రిమోట్ మోలర్ దానికి సూత్రధారి. 1948లో మన దేశమున బి.సి.జి. టీకాలు మొదట వేయబడినది మదనపల్లెయందే. 1950 మొదలు 1955 వఱకు మదనపల్లె చుట్టుపట్ల గ్రామములలో జరిగిన క్షయరోగ పరిశోధనము 1960లో ప్రపంచ ఆరోగ్యసంస్థ పత్రికలో వెలువడి దేశదేశముల వైద్యులకు ఆధారమయ్యెను. ఇంతటి ఖ్యాతికి కారణమేమి? మందు గొప్పదగుట మాత్రము కాదు. ఇంటింటికి బోయి, మనిషిమనిషిని పరీక్షించి, పేరు, వయస్సు, రోగస్థితి పట్టీలలో నెక్కించి, ఆ పట్టీలను జాగ్రత్తపెట్టి, యేండ్లు గడచిన తరువాత మరల వచ్చి సరిచూచుట. పల్లెటూరి రైతుకూలి పేరు చక్కగ వ్రాసియుంచిన కాగితము లోకమునకు శాస్త్రమైనది. మన సీమలో దస్తరము వ్రాయుట చేతగాదనువారికి ఆరోగ్యవరమే సమాధానము.

కుప్పమునకు వత్తము. 1997లో రాష్ట్ర శాసనసభ చేసిన చట్టముచే ద్రావిడ విశ్వవిద్యాలయము వెలసినది. ఆంధ్ర, కర్ణాటక, తమిళ దేశములు మూడును కలియు చోట, పొరుగు రాష్ట్రముల సహకారముతో, దక్షిణదేశ భాషల నన్నిటిని ఒక చూరుక్రింద చేర్చు నుద్దేశముతో స్థాపింపబడిన విద్యాపీఠమది. శ్రీనివాసవనమను పేర వేయి యెకరములకు మించిన భూమి దానికి గలదు. దేశమున నింతటి విశాలమైన యావరణము గల విద్యాపీఠములు కొలదియే. కాని విశాలమైన భూమికి విశాలమైన పత్రము కావలయును. ఏ సర్వే నంబరు ఎప్పుడు చేరినది, ఏ కొండవాగు హద్దు, ఏ బాట ప్రజలది, ఏ బావి విశ్వవిద్యాలయమునది యను విషయములు నేడు తెలిసినవారి నోట నున్నవి. రేపు కాగితములో నుండవలయును. ఈ సంస్థ వయస్సు చిన్నది. దానికి తొలి రాయి వేసిన నాడు పనిచేసిన గుమాస్తాలు, ఓవర్సీయరులు, తాపీమేస్త్రీలు అనేకులు ఇంకను జీవించియే యున్నారు. మదనపల్లెకు దాటిపోయిన యవకాశము కుప్పమునకు చేతిలోనే యున్నది. ఇరువదియేండ్లు గడచిన తరువాత ఈ మాట మేము చెప్పలేము.

ఇతర విశ్వవిద్యాలయముల సంగతి చూతము. ఉస్మానియా 1918లో స్థాపింపబడి కిరాయి యిండ్లలో పాఠములారంభించినది. స్వంత కట్టడములు తలపెట్టినప్పుడు నిజాము ప్రభుత్వము సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగులను ఇద్దఱు శిల్పులను దేశాంతరములకు బంపి విశ్వవిద్యాలయ భవనములను చూచి రమ్మనెను. బెల్జియము శిల్పి జాస్పరు పటములు గీచెను. 1934లో శంకుస్థాపనము; 1939 డిసెంబరు 4వ తేదిని ఆర్ట్సు కళాశాల ప్రారంభోత్సవము. ఈ వరుస నేడు బడిపిల్లలకును తెలియుటకు కారణము నాటి పత్రములు నిలుచుటయే. ఆంధ్ర విశ్వవిద్యాలయము 1926లో బెజవాడ యందు పుట్టి, 1930లో వాల్తేరు చేరి, రెండవ ప్రపంచయుద్ధకాలమున గుంటూరునకు తరలి, యుద్ధానంతరము మరల సముద్రతీరమునకు వచ్చినది. దాని ప్రథమోపాధ్యక్షుడు మన చిత్తూరు సీమలోని కట్టమంచివాడగు రామలింగారెడ్డి. ఊరు మారినప్పుడెల్ల బల్లలు, బీరువాలు బండ్లకెక్కును; సామానులలో చివర నెక్కునది, ముందుగ జాఱిపడునది దస్తరపు మూట. కావుననే పత్రరక్షణము సంస్థ స్థిరపడిన తరువాత చేయు పని గాక, సంస్థతోబాటు పుట్టవలసిన పని యని మా యభిప్రాయము.

చట్టము లేకపోలేదు. 1993 నాటి ప్రభుత్వ పత్రముల చట్టము కేంద్ర ప్రభుత్వ కచేరులకు వర్తించును. పత్రములకు బాధ్యుడగు నొక యధికారిని నియమింపవలయుననియు, పద్ధతి తప్పి పత్రములను నశింపజేసినవారికి అయిదేండ్ల వఱకు కారాగారమో, పదివేల రూపాయల వఱకు జుల్మానాయో, రెండునో విధింపవచ్చుననియు నది శాసించినది. రాష్ట్ర విశ్వవిద్యాలయములు దాని పరిధిలోనివి కావు. కాని 2005 నాటి సమాచారహక్కు చట్టపు నాలుగవ సెక్షను అన్ని ప్రభుత్వ సంస్థలకును వర్తించును. ప్రతి సంస్థయు తన పత్రములనెల్ల జాబితా వేసి, సూచికలు కట్టి యుంచవలయునన్నది ఆ సెక్షనులోని మొట్టమొదటి యాజ్ఞ. ప్రజలా చట్టమును ప్రశ్నలడుగుటకు మాత్రమే వాడుచున్నారు. సంస్థలు జవాబు చెప్పుటకు మాత్రమే జంకుచున్నవి. జాబితా యున్నచోట ప్రశ్నయు తేలిక, జవాబును తేలిక. జాబితా లేనిచోట నిజాయితీ గల గుమాస్తాయు దొంగవలె నిలువవలసి వచ్చును.

మా మాటకు మూడు ఆక్షేపణలు రావచ్చును. మొదటిది ధనము. వసతిగృహములలో పిల్లలకు నీరు చాలదు, అధ్యాపకపదవులు ఖాళీగ నున్నవి, ఇట్టి స్థితిలో పాత కాగితములకు గది యేల, జీతగాడేల యని యందురు. ఆకలి ముందు చరిత్ర మాటలాడుట తగదని మేమును ఎఱుగుదుము. కాని దస్తరము చరిత్ర కొఱకు మాత్రమే కాదు. పట్టము నిజమా కల్లయా యని పరదేశపు యజమాని యొకడు లేఖ వ్రాసిన దినమున విద్యార్థిని కాపాడునది మార్కుల రిజిస్టరు. విశ్రాంతివేతనము కొఱకు కాళ్లరుగ దిరుగు గుమాస్తాను కాపాడునది సేవాపుస్తకము. ఆవరణపు మూల ఒకడు కంచె నాటిన దినమున భూమిని కాపాడునది సర్వే పటము. మిద్దె కారినప్పుడు నీటిగొట్ట మెచ్చట నున్నదో తెలియక నాలుగు గోడలు పగులగొట్టి చేసిన వ్యయముతో, పటములు దాచుకొను బీరువాలు పది కొనవచ్చును. కావున ఇది వ్యయము కాదు. వ్యయమునకు వేసిన కట్ట.

రెండవ ఆక్షేపణ నూతనయుగమువారిది. కంప్యూటరులు వచ్చినవి, కాగితముల ఛాయలు తీసి యంత్రములో నిలువజేసిన చాలును, గదులేల యని వారి వాదము. ఛాయలు తీయుట మంచిదే, మేము వలదనము. మదనపల్లె మంటకు మందు నకలే యని మేమే చెప్పితిమి. కాని యంత్రము తనకిచ్చిన కాగితమునే చూపగలదు. ఏ కాగితము లోపించినదో చెప్పజాలదు. అది చెప్పునది జాబితా. జాబితా వ్రాయువాడు మనిషి. అదిగాక, యంత్రములు పదేండ్లకొకసారి మారుచున్నవి. ఒక యంత్రమున వ్రాసినది మఱియొక దానిలో తెరచుట కష్టమగుచున్నది. చెదలు పట్టిన తాళపత్రమున సగమైనను చదువవచ్చును. చెడిన యంత్రమున నేమియు చదువరాదు. మూలము భద్రముగ నుండి, నకలు వేఱొక యూర నుండి, రెంటికిని ఒక్క జాబితా యుండుట యుత్తమమార్గము.

మూడవ ఆక్షేపణను ఎవ్వరును పైకి చెప్పరు; మనసులో మాత్రము దానికే బలమెక్కువ. పాత కాగితములు తెరచిన పాత తగవులు లేచునని భయము. ఏ టెండరు ఎవరికి వచ్చినది, ఏ నియామకమున ఎవరి చేయి యున్నది, ఏ భవనమునకు వేసిన యంచనా యెంత, అయిన వ్యయమెంత యని జను లడుగుదురని జంకు. ఈ భయమునకు మా జవాబు సూటియైనది. పరిశుద్ధుడైన యధికారికి దస్తరము సాక్షి. అపరిశుద్ధునికి అదియే శత్రువు. సాక్షిని చంపుట చేత నేరము లేకపోదు. నిరపరాధికి గూడ మచ్చ పడును. నేడు కాగితము కానరాని ప్రతి భవనమును ప్రజలు శంకతో చూచుచున్నారు. న్యాయముగ కట్టించిన యుపాధ్యక్షుడును ఆ శంకకు గుఱియగుచున్నాడు. మంచివారి పరువు నిలుపుటకైనను కాగితము నిలుపుడని మేము కోరుచున్నాము. విద్యార్థుల యంతరంగ విషయములను, రోగుల వివరములను తగిన కాలము మూసియుంచుట న్యాయమే. కట్టడముల లెక్కలకు మాత్రము మూతయేల?

ఇట్లు విమర్శించి యూరకుండుట మా పద్ధతి కాదు గావున, చేయవలసినదేమో చెప్పుచున్నాము. ఒకటి: ప్రతి విశ్వవిద్యాలయమును, యేబదియేండ్లు దాటిన ప్రతి కళాశాలయు ఒక దస్తరపు గదిని, చదువుకొనిన యొక పత్రరక్షకుని ఏర్పరచుకొనవలయును. రెండు: కట్టడముల చిట్టా యొకటి తెరువవలయును. ప్రతి భవనమునకు ఒక్కొక్క పుట. అందు తీర్మానపు తేది, భూమి వివరము, దాత పేరు, శిల్పి పేరు, అంచనా, అసలు వ్యయము, ప్రారంభదినము, తరువాతి మరమ్మతులు, పేరు మారిన యెడల ఎందుకు మారెనో వ్రాయవలయును. మూడు: తీర్మానముల పుస్తకములు, మార్కుల రిజిస్టరులు, సేవాపుస్తకములు, పటములు, ఈ నాలుగింటి నకళ్లు వేఱొక పట్టణమున నుంచవలయును. నాలుగు: ఏటేట జాబితాను సరిచూచి, లోపించినదానిని పాలకమండలికి నివేదింపవలయును. అయిదు: చరిత్రశాఖ విద్యార్థులు పట్టమునకు ముందు ఒక మాసము దస్తరపు గదిలో పనిచేయునట్లు నియమింపవలయును. ఇందొక్కటియు అసాధ్యము కాదు.

ఈ పనికి కుప్పము పెద్దన్న కావలయునని మా కోరిక. మదనపల్లె కళాశాల కథకు సంబంధించి చెన్నపురి, అడయారు, తిరుపతి, శాంతినికేతనములలో నుండు పత్రముల నకళ్లు తెప్పించి ఒకచోట చేర్చుట, పుంగనూరు, కంగుంది జమీనుల మిగిలిన లెక్కలకు ఆశ్రయమిచ్చుట, చుట్టుపట్ల నూళ్లలోని శాసనముల, తాళపత్రముల జాడలు సేకరించుట ద్రావిడ విశ్వవిద్యాలయమునకు తగిన పనులు. అది నాలుగు భాషల చదువుకు పుట్టిన సంస్థ. ఈ సీమ పత్రములును నాలుగు భాషలలోనివే. జిల్లాల గీతలు మారుచుండును. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడినప్పుడు మదనపల్లె కడప జిల్లాను వీడి వచ్చెను. 2022 ఏప్రిల్ 4వ తేదిని అన్నమయ్య జిల్లా యేర్పడినప్పుడు చిత్తూరును వీడిపోయెను. పుంగనూరు, కుప్పములు ఆనాడు చిత్తూరుననే నిలిచెను. గీత మారిన ప్రతిసారియు పత్రముల మూటలు కచేరినుండి కచేరికి తిరుగును. కచేరులు తిరిగినను తిరుగని యిల్లొకటి వానికుండుట మంచిది. విద్యాపీఠమే యట్టి యిల్లు.

కడపట మా పాఠకులతో ఒక మాట. పఠనమందిరములలో కూర్చుండి ఈ వ్యాసమును చదువు మీరు దీనిని అధికారుల కొఱకు వ్రాసినదిగ భావింపకుడు. మీ యింట తాతగారు కళాశాలలో చదివిన కాలపు జాబులుండవచ్చును. అటకమీద భవన ప్రారంభోత్సవపు ఆహ్వానపత్రిక యుండవచ్చును. చాయాపటము వెనుక వ్రాసిన పేర్లుండవచ్చును. వానిని చిత్తుకాగితముల వానికి వేయకుడు. కళాశాలకు నకలీయుడు, రసీదు పుచ్చుకొనుడు. పదవీవిరమణము చేసిన గుమాస్తా మీ వీధిలో నున్న యెడల, ఒక సాయంకాలము ఆయన ముంగిట కూర్చుండి, ఏ భవనము ఎప్పుడు లేచినదో చెప్పించి వ్రాసికొనుడు. రవీంద్రుడు నడచిన యావరణమును చూపి మన బిడ్డలకు గొప్పలు చెప్పుచున్నాము. ఆ బిడ్డ తలయెత్తి, ఎట్లు తెలియును నాయనా యని యడిగిన దినమున, చేయిపట్టుకొని దస్తరపు గదికి తీసికొనిపోయి చూపగల స్థితి మనకు రావలయును. మేడలు కట్టుట ధనమున్నవాడు చేయగలడు. మేడల మాట నిలుపుకొనుట జాతి యను పేరు గలవారు మాత్రమే చేయగలరు. మదనపల్లె బూడిద చల్లారకముందే ఆ పనికి పూనుకొందురు గాకయని ఆశించుచున్నాము.